గేర్‌బాక్స్ దించకుండానే: పాత కారు గేర్ల రిపేరు డైరీ

బండి వివరాలు ముందు రాస్తాను, ఎందుకంటే మీ బండి ఈ రకం కాకపోతే కొన్ని దశలు మీకు పనికిరావు. 2009 మోడల్ పెట్రోల్ చిన్న కారు. ముందు చక్రాలు లాగే రకం, 5 గేర్లు. క్లచ్‌కి ఉన్నది కేబుల్, ఆయిల్ పైపు కాదు. గేర్ లివర్ నుంచి గేర్‌బాక్స్ దాకా ఇనుప రాడ్లు ఉన్నాయి. మీటరు మీద 1,12,400 కి.మీ. హైదరాబాద్‌లో సఫిల్‌గూడ నుంచి అమీర్‌పేటకు రోజూ రానుపోను. పని చాలావరకు మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, సెలవు రోజుల్లో చేశాను.

మా వీధి చివరి మిస్త్రీ బండి ఒక చుట్టు తిప్పి, "గేర్‌బాక్స్ దించాల్సిందే. క్లచ్ సెట్టు, సింక్రో రింగులు అన్నీ కలిపి 22 వేలు" అన్నాడు. బండి కిందికి మాత్రం చూడలేదు. దించాల్సి వస్తే దించుదాం, కానీ బయట ఉన్నవన్నీ కొలిచాకే అనుకున్నాను.

దశ 1: ముట్టుకోకముందు రాసుకున్నవి (జనవరి 11)

ఐదు బాధలు:

1. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒకటి నుంచి రెండుకి వేస్తే గరగర.
2. ట్రాఫిక్‌లో అరగంట నడిచాక, ఆగిన చోట ఒకటో గేరు పడదు. రెండులో వేసి, మళ్లీ ఒకటికి రావాలి.
3. రివర్స్ ప్రతిసారీ అరుస్తుంది.
4. మూడు అనుకుని వేస్తే ఒక్కోసారి ఐదు పడుతుంది.
5. యాక్సిలరేటర్ గబుక్కున వదిలితే మూడో గేరు జారి న్యూట్రల్‌కి వస్తుంది.

"గేర్లు సరిగ్గా పడటం లేదు" అని ఒక్క మాటలో చెప్పుకుంటే దారి దొరకదు. ఈ ఐదింటికీ ఒకే కారణం ఉండాలని లేదు. చివరికి నాకు నాలుగు కారణాలు తేలాయి.

పానా పట్టకుండా చేసిన పరీక్షలు:

1. ఇంజిన్ ఆపి, క్లచ్ తొక్కి, అన్ని గేర్లూ వేసి చూడటం. అన్నీ పడ్డాయి. కానీ లివర్ పిండిలో గరిటె తిప్పినట్టు వదులుగా ఉంది, ఎక్కడ ఏ గేరు ఉందో చేతికి తెలియడం లేదు.
2. ఇంజిన్ స్టార్ట్ చేసి, న్యూట్రల్‌లో క్లచ్ పూర్తిగా తొక్కి, 5 సెకన్లు ఆగి రివర్స్ వేయడం. 10 సార్లు వేస్తే 10 సార్లూ అరిచింది.
3. చదునైన చోట, ముందు ఖాళీ ఉండేలా చూసుకుని, ఒకటో గేరులో క్లచ్ పూర్తిగా తొక్కి ఇంజిన్ కాస్త రేజ్ చేయడం. బండి మెల్లగా ముందుకు పాకింది. పాకకూడదు.
4. న్యూట్రల్‌లో లివర్ నాబ్ పక్కలకు ఊరికే ఎంత కదులుతుందో టేపుతో కొలవడం: 62 మి.మీ. మూడో గేరులో ఉంచి ముందుకూ వెనక్కూ ఆట: 38 మి.మీ.

రెండు, మూడు పరీక్షలు క్లచ్ వైపు చూపిస్తున్నాయి. క్లచ్ తొక్కితే ప్లేటు పూర్తిగా విడిపోవాలి. కొంచెం రాసుకుంటున్నా గేర్‌బాక్స్ లోపలి ఇన్‌పుట్ షాఫ్ట్ (ఇంజిన్ తిప్పే ఇరుసు) తిరుగుతూనే ఉంటుంది. ముందుకు వెళ్లే గేర్లకు సింక్రో రింగ్ ఉంటుంది, అది చిన్న బ్రేకులా పట్టుకుని షాఫ్ట్ వేగాన్నీ గేరు వేగాన్నీ సమానం చేస్తుంది. చిన్న కార్లలో చాలావాటికి రివర్స్‌కి ఆ రింగ్ ఉండదు. అందుకే క్లచ్ సరిగ్గా విడవకపోతే ముందు రివర్స్ అరుస్తుంది. మిగతా గేర్లలో ఆ భారం మోసేది సింక్రో రింగ్. అది అరిగేదాకా మనకు తెలియదు.

నాలుగో పరీక్ష లింకేజీని, అంటే లివర్‌ని గేర్‌బాక్స్‌కి కలిపే రాడ్లను, చూపిస్తోంది. ఒకటో బాధ ఆయిలో, సింక్రోనో ఇంకా తెలియదు.

ఇప్పటిదాకా: 2 గంటలు, ఖర్చు లేదు.

దశ 2: గేర్ ఆయిల్, నా మొదటి తప్పు (జనవరి 18, 26)

నిజానికి క్లచ్‌తో మొదలుపెట్టాల్సింది. ఆయిల్ తేలిక పని కదా అని ముందు దాన్ని పట్టుకున్నాను.

పనిముట్లకు రాణిగంజ్ వెళ్లాను. జాక్ స్టాండ్లు జత రూ. 1,500, సన్న కొలతలు తీసే డిజిటల్ వర్నియర్ రూ. 900. వీటిని రిపేరు ఖర్చులో కలపడం లేదు. ఒక్క జాక్ మీద నిలబెట్టిన బండి కిందికి దూరకండి. మా సెల్లార్ నేల కాలువ వైపు వాలి ఉంటుంది, అందుకని వెనక చక్రాలకు రెండు వైపులా చెక్క దిమ్మెలు పెట్టాను.

క్రమం ఇది:

1. ముందు ఆయిల్ పోసే ఫిల్లర్ ప్లగ్ విప్పండి. డ్రెయిన్ ప్లగ్ ముట్టుకోవద్దు.
2. ఫిల్లర్ వచ్చాకే డ్రెయిన్ విప్పండి.
3. వచ్చిన ఆయిల్ కొలవండి.
4. డ్రెయిన్ ప్లగ్ కొన మీది అయస్కాంతాన్ని తుడిచి చూడండి.
5. కొత్త వాషర్‌తో డ్రెయిన్ బిగించి, ఫిల్లర్ రంధ్రం నుంచి బయటికి కారే దాకా పోయండి.

మొదటి అడుగు ఎందుకంటే, నా ఫిల్లర్ ప్లగ్ తుప్పు పట్టి కదల్లేదు. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఒక రాత్రి వదిలేస్తే మర్నాడు వచ్చింది. ముందే ఆయిల్ కార్చేసి ఉంటే సోమవారం ఆఫీసుకు బండి కదిలేది కాదు.

వచ్చింది 1.6 లీటర్లు. పట్టింది 2.2 లీటర్లు. అంటే 600 మి.లీ. తక్కువతో నడుస్తోంది. ఎటు పోయిందని చూస్తే ఎడమ చక్రానికి వెళ్లే డ్రైవ్‌షాఫ్ట్ సీలు దగ్గర తడి. గేర్‌బాక్స్ పైన గాలి వదిలే బ్రీదర్ టోపీ మట్టితో పూర్తిగా మూసుకుపోయి ఉంది. వేడెక్కిన గాలికి దారి లేకపోతే లోపల ఒత్తిడి పెరిగి సీలు పక్కనుంచి ఆయిల్‌ని తోస్తుంది. బ్రీదర్ కడిగాక రెండు నెలల్లో తడి మళ్లీ రాలేదు, సీలు మార్చలేదు.

అయస్కాంతం మీద బూడిద రంగు మెత్తటి పేస్టు ఉంది. ఇది మామూలు అరుగుదల. గోటికి తగిలే ముక్కలు, గేరు పళ్ల పెచ్చులు ఉంటే మాత్రం ఈ డైరీ అక్కడ ఆపేసి గేర్‌బాక్స్ దించండి.

ఇక తప్పు. షాపులో "గేర్ ఆయిల్ ఇవ్వండి" అని అడిగాను. 80డబ్ల్యూ-90 ఇచ్చారు, తెచ్చి పోశాను. డబ్బా మీద జీఎల్-5 అని ఉంది, చూడలేదు. మాన్యువల్ అడుగుతున్నది 75డబ్ల్యూ-90, జీఎల్-4. మొదటిది ఆయిల్ చిక్కదనం, రెండోది దాని తరగతి. తేడా చిన్నది కాదు. జీఎల్-5 ముఖ్యంగా డిఫరెన్షియల్‌లో (రెండు చక్రాలకు శక్తి పంచే భాగంలో) ఎక్కువ బరువు మోసే గేరు పళ్ల కోసం చేసినది, అందులో గంధకం, ఫాస్ఫరస్ రసాయనాలు ఎక్కువ. కొన్ని జీఎల్-5 ఆయిళ్లు ఇత్తడి సింక్రో రింగులను తినేస్తాయి. సింక్రో పనిచేయాలంటే రింగు కాస్త రాపిడితో పట్టుకోవాలి, ఆయిల్ మరీ జారుడుగా ఉంటే పట్టు దొరకదు. పైగా నా బండికి అది చలిలో చిక్కన. 90 కి.మీ. నడిపాను. పొద్దున రెండో గేరు గరగర పెరిగింది.

జనవరి 26న మొత్తం కార్చి, జీఎల్-4 పోశాను. తీసేసిన ఆయిల్ కాలువలో పోయొద్దు. వాడిన ఆయిల్ డ్రమ్ములో పోసుకునే గ్యారేజీలు ఉంటాయి, అడిగితే తీసుకుంటారు.

మార్పు: చలి గరగర కొంత తగ్గింది. మిగతా నాలుగు బాధలూ అలాగే ఉన్నాయి.

జీఎల్-5 మూడు లీటర్లు రూ. 1,290, వాషర్లు 60. జీఎల్-4 మూడు లీటర్లు రూ. 1,680, వాషర్లు 60.
ఇప్పటిదాకా: రూ. 3,090, 7 గంటలు. ఇందులో రూ. 1,350 వృథా.

దశ 3: క్లచ్ కేబుల్ (ఫిబ్రవరి 1 నుంచి 9 దాకా)

నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పింది ఈ దశ.

పెడల్ పక్కన స్కేలు నిలబెట్టి కొలిచాను. మొత్తం కదలిక 140 మి.మీ. అందులో బరువు తగలకుండా ఊరికే పోయే ఫ్రీ ప్లే 45 మి.మీ. బానెట్ కింద గేర్‌బాక్స్ మీద కేబుల్ లాగే ఇనుప చేయి ఉంటుంది, అది కదిలింది 15 మి.మీ.

సెట్టింగ్ నట్ తిప్పి ఫ్రీ ప్లే 5 మి.మీ.కు తెచ్చాను. ఎంత బిగిస్తే అంత బాగా విడుతుందనుకున్నాను. సెల్లార్‌లో రివర్స్ అరవకుండా పడింది. మర్నాడు బేగంపేట ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఇంజిన్ మోత పెరుగుతోంది, వేగం పెరగడం లేదు. క్లచ్‌ని నొక్కి విడదీసే రిలీజ్ బేరింగ్ కూడా సన్నగా కూస్తోంది. ఫ్రీ ప్లే చాలకపోతే కాలు తీసినా బేరింగ్ క్లచ్‌ని కొంచెం నొక్కే ఉంచుతుంది, ప్లేటు జారి కాలిపోతుంది. ఆఫీసుకు చేరగానే పార్కింగ్‌లో నట్ వదులు చేశాను. ఆ ఒక్క రోజుకు ప్లేటు ఎంత అరిగిందో అని చాలా టెన్షన్ పడ్డాను.

సాయంత్రం 20 మి.మీ.కు పెట్టాను. మీ బండికి ఎంత ఉండాలో మీ మాన్యువల్‌లో చూసుకోండి. చేయి కదలిక 20 మి.మీ. వచ్చింది. రివర్స్ మళ్లీ అరుస్తోంది.

ఇక్కడ లెక్క వేశాను. చేతితో మెల్లగా నొక్కి చూస్తే పెడల్ 5 మి.మీ. కదిలితే చేయి 1 మి.మీ. కదులుతోంది. ఫ్రీ ప్లే పోగా మిగిలిన 120 మి.మీ.కి చేయి 24 కదలాలి. కదులుతున్నది 20. ఆ 4 మి.మీ. ఎక్కడో పోతోంది.

మా మేనల్లుణ్ని పెడల్ దగ్గర కూర్చోబెట్టి, ఫోన్ టార్చి పట్టుకుని బానెట్ కింద చూశాను. కాసేపటికి వాడు, "మామా, కాలు గుంజుతుంది, ఇంకా తొక్కే ఉంచాల్నా?" అన్నాడు. అప్పుడే కనబడింది. కేబుల్ పైతొడుగు ఆనుకునే చోట, ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉన్న రేకు గోడ, తొక్కినప్పుడల్లా ఉబ్బి లోపలికి వెళ్తోంది. రంధ్రం పక్కన 15 మి.మీ. చీలిక. కేబుల్‌కి ఆనిక గట్టిగా లేకపోతే మనం తొక్కేదాంట్లో కొంత రేకు వంగడానికే పోతుంది.

చేసిన పని:

1. బ్యాటరీ నెగటివ్ తీసేశాను.
2. పాత కేబుల్ విప్పాను. వంపు దగ్గర లోపలి తీగలు మూడు తెగి ఉన్నాయి. తుప్పు వల్ల చేత్తో లాగితే పట్టి పట్టి కదులుతోంది.
3. చీలిక రెండు కొనల్లో 3 మి.మీ. రంధ్రాలు వేశాను, ఇక ముందుకు పాకకుండా.
4. 3 మి.మీ. మందం ఇనుప పలకను వెల్డింగ్ షాపులో కోయించి, రెండు బోల్టులతో రేకుకు బిగించాను. వైరింగ్ పక్కనే ఉంది కాబట్టి అక్కడ వెల్డింగ్ చేయించలేదు.
5. కొత్త కేబుల్ వేసి, ఫ్రీ ప్లే మళ్లీ 20 మి.మీ.

చేయి కదలిక 24 మి.మీ. లెక్కకు సరిపోయింది. 3 సెకన్లు ఆగి వేస్తే రివర్స్ 10కి 10 సార్లు నిశ్శబ్దంగా పడింది. బండి పాకడం ఆగింది. ఆ సాయంత్రం ప్యారడైజ్ సిగ్నల్ దగ్గర వేడి ఇంజిన్‌తో ఒకటో గేరు మొదటిసారికే పడింది. 22 వేల పనికి అసలు మూలం అరచేతి అంత రేకు.

కేబుల్ రూ. 480, పలక, బోల్టులు 200.
ఇప్పటిదాకా: రూ. 3,770, 13 గంటలు.

దశ 4: లివర్ కింది బుష్ (ఫిబ్రవరి 15 నుంచి మార్చి 8 దాకా)

బండి కిందికి దూరి లివర్‌ని ఒకరు కదుపుతుంటే, ఏ జాయింట్ దగ్గర లివర్ కదిలినా రాడ్ కదలడం లేదో చూడాలి. నాది లివర్ అడుగున, ప్లాస్టిక్ బుష్ (పిన్ను చుట్టూ ఉండే గొట్టం లాంటి ముక్క) దగ్గర. దుమ్ము పడకుండా ఉండే రబ్బరు బూటు చిరిగి, వానాకాలం నీళ్లూ ఇసుకా లోపలికి చేరాయి.

కొలతలు: పిన్ను 11.92 మి.మీ., పెద్దగా అరగలేదు. బుష్ రంధ్రం ఒక వైపు 13.0, ఇంకో వైపు 14.6, కోడిగుడ్డు ఆకారం.

రాణిగంజ్‌లో, పుత్లీబౌలిలో అడిగాను. బుష్ ఒక్కటే దొరకలేదు. లివర్ మొత్తం సెట్టు రూ. 2,350 అన్నారు. అందుకని బాలానగర్‌లో ఒక లేత్ షాపుకు వెళ్లాను.

మొదటి బుష్ నైలాన్. బయటి కొలత 18.1, లోపలి రంధ్రం 12.05 చెప్పాను, కూర్చునే గూడు 18.0. నొక్కి కూర్చోబెట్టగానే బుష్ కుదించుకుని రంధ్రం చిన్నదైంది, పిన్ను దూరలేదు. గుండ్రటి ఆకురాయితో నేనే రుద్దాను. రంధ్రం ఒక వైపు వెడల్పు, ఒక వైపు ఇరుకు అయింది. పారేశాను. నైలాన్ ఎంచుకోవడం కూడా తప్పే, అది తేమ పీల్చి ఉబ్బుతుంది, మన వానల్లో బండి అడుగున ఉండేదానికి తగదు.

లేత్ దగ్గరి పెద్దాయన రెండోసారి వెళ్లినప్పుడు చెప్పారు: "గూడు కూడా తెండి సార్. ముందు కూర్చోబెట్టి, తర్వాత రంధ్రం వేస్తా." ఈసారి డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్ రాడ్ నుంచి తీశారు, అది నీళ్లను చాలా తక్కువ పీలుస్తుంది. గూట్లో బిగించాకే, రంధ్రాన్ని సరైన కొలతకు తెచ్చే రీమర్‌తో 12.02 చేశారు. పిన్నుకీ బుష్‌కీ మధ్య ఖాళీ 0.10. గన్ మెటల్‌తో (ఒక రకం కంచుతో) చేయమంటారా అని కూడా అడిగారు. లోహమైతే ఇంజిన్ అదురు అంతా లివర్‌లోకి వచ్చేస్తుందని వద్దన్నాను.

లివర్ అడుగును కదలకుండా పట్టి ఉంచే స్టే రాడ్ వెనక రబ్బరు బుష్ కూడా మార్చాను.

తిరిగి బిగించేటప్పుడు ఇంకో తప్పు. రాడ్ క్లాంప్ విప్పేముందు గుర్తు పెట్టుకోలేదు. బిగించాక రివర్స్ పడలేదు, ఐదో గేరుకు నాబ్ కన్సోల్‌కి తగిలింది. గంటన్నర పోయింది. మీరైతే ఇలా చేయండి:

1. విప్పేముందు రాడ్ మీద, క్లాంప్ మీద కలిపి ఒకే గీత తెల్ల పెయింట్‌తో గీయండి.
2. గీత లేకపోతే, గేర్‌బాక్స్‌ని న్యూట్రల్‌లో పెట్టండి. ముందు చక్రాలు రెండూ లేపితే, రెండూ ఒకే వైపుకు చేత్తో స్వేచ్ఛగా తిరగాలి.
3. లివర్‌ని మూడుకీ నాలుగుకీ మధ్య గీతలో, నిటారుగా పట్టుకోమనండి.
4. అప్పుడు క్లాంప్ బిగించి, ఇంజిన్ ఆపి ఆరు స్థానాలూ వేసి చూడండి.

బూటు కొత్తది దొరక్క, స్కూటర్ ట్యూబు ముక్కను కేబుల్ టైలతో కట్టాను. మూడు వారాలకు గ్రీజు తగిలి ట్యూబు ఉబ్బి మెత్తబడింది. మార్చి 8న దాన్ని తీసేసి, స్టీరింగ్ రాడ్ చివర వాడే గ్రీజు తట్టుకునే చిన్న బూటు వేశాను.

నాబ్ పక్కల ఆట: 62 నుంచి 18 మి.మీ. ముందువెనకల ఆట: 38 నుంచి 12. మూడు అనుకుంటే ఐదు పడటం ఆగిపోయింది.

నైలాన్ బుష్ రూ. 250 (వృథా), డెల్రిన్ బుష్ 450, స్టే రాడ్ బుష్ 180, బూటు 120, గ్రీజు 160.
ఇప్పటిదాకా: రూ. 4,930, 22 గంటలు.

దశ 5: ఇంజిన్ మౌంట్ (మార్చి 9)

మూడో గేరు జారడం మిగిలింది. బానెట్ తెరిచి, బ్రేకు తొక్కి, ఒకటో గేరులో క్లచ్‌ని కొద్దిగా పట్టించి వదిలితే ఇంజిన్ బాగా ఊగింది. ఇంజిన్‌ని బాడీకి పట్టి ఉంచే వెనక మౌంట్ రబ్బరు రెండు ముక్కలై ఉంది. లివర్ కారు బాడీకి, గేర్‌బాక్స్ ఇంజిన్‌కి కట్టి ఉంటాయి కాబట్టి ఇంజిన్ ఊగితే రాడ్డే గేరును బయటికి లాగేస్తుంది. ఇంజిన్ కింద చెక్క పెట్టి జాక్‌తో ఆనించి, మౌంట్ మార్చాను. జారడం ఆగింది.

మౌంట్ రూ. 650.
ఇప్పటిదాకా: రూ. 5,580, 24 గంటలు. వృథా మొత్తం రూ. 1,600.

దశ 6: రోడ్డు లెక్క (మార్చి 10 నుంచి 22 దాకా)

జనవరిలో ఎలా లెక్కపెట్టానో అలాగే మళ్లీ లెక్కపెట్టాను.

- చలిలో ఒకటి నుంచి రెండుకి, 50 సార్లలో గరగర: అప్పుడు 19, ఇప్పుడు 6.
- ట్రాఫిక్‌లో ఆగి ఒకటో గేరు, 30 సార్లలో పడనివి: అప్పుడు 14, ఇప్పుడు 0.
- మూడుకు బదులు ఐదు: ఇప్పుడు 0.
- మూడు జారడం: ఇప్పుడు 0.

మొదటి లెక్కలో ఒక లోపం ఉంది. జనవరిలో నేను బయల్దేరేసరికి 15 డిగ్రీలు, మార్చిలో 22. ఆయిల్ అంత చిక్కగా ఉండదు. 6 అన్నది వచ్చే చలికాలం పెరగొచ్చు.

ఆ ఆరు రెండో గేరు సింక్రో రింగ్ అరుగుదల అనే నా అభిప్రాయం. బండి వేడెక్కాక గరగర పోతుంది, వేరే ఏ గేరులోనూ లేదు, క్లచ్ పూర్తిగా విడుతోంది. క్లచ్ సరిగ్గా విడవని బండిని ఏడాది పైగా అలాగే లాగీ లాగీ నడిపాను. ఆ భారమంతా రోజుకు వందసార్లు పడింది ఆ రింగు మీదే. రివర్స్ మొదటిసారి అరిచిన వారంలోనే స్కేలు పెట్టి కొలిచి ఉంటే ఈ రింగు మిగిలేది. దానికోసం ఇప్పుడు గేర్‌బాక్స్ దించను. క్లచ్ ప్లేటు మార్చే రోజు ఎలాగూ దించాలి, అప్పుడే రింగు కూడా వేయిస్తాను. అప్పటిదాకా పొద్దున మొదటి పది నిమిషాలు ఒకటికీ రెండుకీ మధ్య న్యూట్రల్‌లో ఒక్క క్షణం ఆగుతున్నాను. రెండుకి దిగేటప్పుడు డబుల్ క్లచ్ కొడుతున్నాను, అంటే న్యూట్రల్‌లో ఒకసారి క్లచ్ వదిలి, మళ్లీ తొక్కి గేరు వేస్తున్నాను.

మార్చి 30, మీటరు 1,14,050

ఫ్రీ ప్లే 24 మి.మీ. కొత్త కేబుల్ సాగి కుదురుకుంది. నట్ తిప్పి 20కి తెచ్చాను. చేయి కదలిక 24. పలక బోల్టులు వదులు కాలేదు, చీలిక ముందుకు పాకలేదు. డెల్రిన్ బుష్ దగ్గర నాబ్ ఆట ఇంకా 18 మి.మీ.యే. డ్రైవ్‌షాఫ్ట్ సీలు దగ్గర పొడిగా ఉంది. తర్వాతి కొలత 1,17,000 దగ్గర, వానలు మొదలయ్యేలోపు, బూటుతో సహా.